నా సెకండ్ హ్యాండ్ గిటారు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నెల క్రితం సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మీరు ట్రాన్స్‌ఫార్మర్ల ఇంజినీరు కదా, పిల్లలకు పనికొచ్చేది ఏదైనా మాట్లాడండి" అన్నారు. విద్యుత్ రంగంలో అవకాశాలు అని ఒక ప్రసంగం రాయడం మొదలుపెట్టాను. రెండు పేజీలు రాసేసరికి నాకే నిద్ర వచ్చింది. మళ్లీ ఆయనకు ఫోన్ చేసి, నా దగ్గర ఒక పాత ఎలక్ట్రిక్ గిటారు ఉంది, దాని గురించి చెబుతానన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఇరవై నిమిషాలు దాటకూడదు" అన్నారు. దాన్నే అనుమతి అనుకుని వచ్చాను.

పాత వస్తువు కొనడం గురించి మన స్కూల్లో చదివిన వాళ్లకు కొత్తగా చెప్పాల్సింది లేదు. మన రోజుల్లో ఏటా జూన్‌లో స్కూలు తెరిచే ముందు ఒక వారం పాటు సాగిన వ్యాపారం గుర్తుండే ఉంటుంది. పై క్లాసు వాళ్ల ఇంటికి వెళ్లి పుస్తకాలు బేరం చేసేవాళ్లం. అట్ట ఉంటే ముప్పాతిక ధర, లేకపోతే సగం. తెలివైన కుర్రాడి పుస్తకం దొరికితే పండగే. ఏది ముఖ్యమో ఎర్ర పెన్సిల్‌తో గీసి ఉండేది. లెక్కల పుస్తకంలో అంచుల్లో జవాబులుండేవి. కొన్ని తప్పు జవాబులు కూడా ఉండేవి, అది వేరే సంగతి. తొమ్మిదో తరగతిలో నేను కొన్న సైన్సు పుస్తకం నాకు ముందు ముగ్గురి చేతులు మారింది. మూడు రకాల గీతలుండేవి. కొత్త పుస్తకం కొనుక్కున్న వాళ్లను చూసి నేను అసూయపడలేదు. వాళ్లకు గీతలు ఎవరు గీస్తారు?

ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్లో ఒక సీనియర్ దగ్గర నాలుగు కార్డ్‌లు నేర్చుకున్నాను. ఆ తర్వాత ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, ఇంటి లోను. నాలుగు కార్డ్‌లూ అలాగే ఉండిపోయాయి. నలభై ఎనిమిదో ఏట, పెద్దమ్మాయి కాలేజీకి వెళ్లిపోయాక, ఎలక్ట్రిక్ గిటారు కొనాలన్న కోరిక మళ్లీ లేచింది. "ఇప్పుడా?" అంది మా ఆవిడ. ఇప్పుడే అన్నాను.

కొత్తవి చూశాను. షోరూములో మెరిసిపోతూ వరసగా వేలాడుతుంటాయి. ఏదీ తీసుకోబుద్ధి కాలేదు. రెండేళ్లు పాతవి వెతికాను. పాత గిటారు ఎలా చూడాలో ఆ రెండేళ్లలో తెలిసింది. దాన్ని ఆంప్లిఫైయర్‌కు తగిలించకముందే ఒళ్లో పెట్టుకుని వాయించాలి. తీగ మోగే తీరు అక్కడే తెలిసిపోతుంది. వడ్రంగి వాసం వంపు చూసినట్టు మెడను కంటి దగ్గర పెట్టుకుని పొడవునా చూడాలి. మెడలో తీగల లాగుడుకు ఎదురు నిలిచే ఒక ఇనప కడ్డీ ఉంటుంది, అది ఇంకా తిరుగుతోందో లేదో చూసుకోవాలి. ఫ్రెట్లు, అంటే మన వీణకు మెట్లు ఉన్నట్టే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు, ఎంత అరిగాయో వేలితో తడిమి చూడాలి. వాల్యూమ్ తిప్పితే వచ్చే బరబరకు భయపడక్కర్లేదు, అది దుమ్ము. మెడ మెలితిరిగి ఉంటే మాత్రం దండం పెట్టి బయటికి రావాలి.

చివరికి దొరికింది సికింద్రాబాద్‌లో. కీబోర్డు అడాప్టరు బాగుచేయించడానికి ఒక రిపేరు షాపుకు వెళితే, షాపతను మాటల్లో చెప్పాడు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన దగ్గర గిటారు ఉందని, అమ్మాలా వద్దా అని రెండేళ్లుగా ఆలోచిస్తున్నారని. ఆ వారమే వెళ్లాను.

ఆయనకప్పుడు డెబ్బై దాటాయి. వయసులో ఉన్నప్పుడు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో జరిగే డాన్సుల్లో, పెళ్లిళ్లలో, క్రిస్మస్‌కు చర్చిలో వాయించేవారట. మంచం కింద నుంచి పెట్టె లాగి తెరిచారు. ఎప్పుడో గోధుమ రంగు అంచులతో మెరిసి ఉంటుంది. ఇప్పుడు కుడి మోచేయి ఆనే చోట రంగు పోయి చెక్క కనబడుతోంది. వెనకవైపు బెల్టు బకిల్ గీసిన గీతలు అరచేయంత మేర. మెడ మీద వార్నిష్ బొటనవేలు ఆనే దారి పొడవునా పోయి, చెక్క చింతగింజలా నునుపు తేరింది. తలకట్టు మీద కంపెనీ పేరు సగమే మిగిలింది. అయినా ఎక్కడా దుమ్ము లేదు. తీగలు కొంచెం వదులు చేసి ఉన్నాయి, మెడ మీద బరువు పడకుండా. మూడేళ్లుగా వాయించడం లేదట. ఎడమ చేతి రెండు వేళ్లు బిగుసుకుపోయాయి, వంగడం లేదు. కానీ ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చాక పెట్టె తెరిచి తుడుస్తారు.

"వాయించు" అన్నారు.

నాకొచ్చిన నాలుగు కార్డ్‌లూ వాయించాను. ఆయన నా ఎడమ చేయి వైపు చూడలేదు. కుడి చేయి వైపు చూస్తున్నారు. "అందరు ఎడమ చేయి చూస్కుంటరు బాబూ. పాట కుడి చేతిల ఉంటది" అన్నారు. నాకు ఎవరూ చెప్పని మాట అది.

ధర ఇరవై వేలు అన్నారు. గిటారు వెనక, మెడను మొండేనికి బిగించే ఇనప పలక మీద నంబరు చూశాను. జేవీ అనే అక్షరాలతో మొదలైంది.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి. అమెరికాలో ఫుల్లర్టన్ అనే ఊళ్లో లియో ఫెండర్ అని ఒకాయన ఉండేవారు. రేడియోలు బాగుచేసే షాపు ఆయనది. గిటారు వాయించడం ఆయనకు రాదు. 1954లో ఆయన కంపెనీ తెచ్చిన స్ట్రాటోకాస్టర్ అనే గిటారు ఆకారం ఈ రోజుకీ మారలేదు. మీరు సినిమాల్లో చూసే ఎలక్ట్రిక్ గిటార్లలో సగం దాని పోలికలే. వాయించేవాడు తయారు చేసి ఉంటే బహుశా వీణలాగో వయొలిన్‌లాగో అందంగా అతికించేవాడు. రిపేరు చేసేవాడు కాబట్టి మెడను నాలుగు స్క్రూలతో బిగించారు. పాడైతే విప్పి మార్చుకోవచ్చు. ఆ మెడ మీద నాకున్న గౌరవం నా వృత్తి వల్ల వచ్చింది.

1970ల చివరికి జపాన్ కంపెనీలు ఆ పాత మోడళ్లను అసలు వాటికి తీసిపోకుండా చేసి అమ్మడం మొదలుపెట్టాయి. పోటీ తట్టుకోవడానికి ఫెండర్ కంపెనీ 1982లో జపాన్‌లోనే ఒక శాఖ పెట్టి, మత్సుమొతో పట్టణంలోని ఫుజిజెన్ ఫ్యాక్టరీలో తయారీ మొదలుపెట్టింది. స్క్వయర్ పేరుతో 1950, 60ల నాటి మోడళ్లను తక్కువ ధరకు చేశారు. జేవీ నంబరున్నవి 1982 నుంచి 84 వరకు వచ్చినవి. చౌక రకంగా పుట్టి, ఇప్పుడు సేకరించేవాళ్లు వెతుక్కునే సరుకైంది. పెద్దాయన తమ్ముడు ఓడల్లో పనిచేసేవారు. యోకొహామాలో కొని తెచ్చిచ్చారట.

సంగతి ఆయనకు చెప్పాను. "అంకుల్, బయటి దేశాల్లో దీనికి మీరడిగిన దానికి మూడు నాలుగు రెట్లు ఇస్తారు. అమ్మే ముందు తెలుసుకోవాలి కదా" అన్నాను. ఆయన ఆశ్చర్యపోలేదు. "ఆ ధర ఇచ్చెటోడు గోడకు తగిలేస్తడు. నువ్వు గోడకు తగిలేస్తవా, వాయిస్తవా?" అని అడిగారు. వాయిస్తానన్నాను. "అయితే ఇరవై" అన్నారు. నేను యాభై అన్నాను. ఆయన ఇరవై అంటే ఇరవై అన్నారు. కొనేవాడు పెంచుతుంటే అమ్మేవాడు తగ్గించే బేరం నా జీవితంలో అదొక్కటే. వంటింట్లోంచి ఆంటీ వచ్చి, "ముప్పై అయిదు. ఇగ ఇద్దరు ఊకోండ్రి" అన్నారు. అలా తెగింది. దాంతో పాటు ఆయన ఒక షరతు పెట్టారు. నెలకోసారి తెచ్చి వినిపించాలి.

ఇంటికి తెచ్చి ఆ రాత్రే విప్పాను. ఇంజినీరు కొన్న వస్తువు విప్పకుండా ఉంటాడా? లోపల ఏముంటుందో చెబుతాను. చెప్పేది మన ఫిజికల్ సైన్సు మాస్టారికి తెలిసిందే. తీగచుట్టలోకి అయస్కాంతాన్ని జరిపి, గాల్వనామీటరు ముల్లు కదలడం ఆయన పదో తరగతిలో మాకు చూపించారు. ఫారడే 1831లో చేసిన ప్రయోగం. గిటారులో దాన్ని తిరగేశారు. అయస్కాంతం, తీగచుట్ట రెండూ కదలవు, పైన ఉక్కు తీగ కదులుతుంది. అయస్కాంత క్షేత్రం కదలికకు తగ్గట్టు మారుతుంది, చుట్టలో చిన్న వోల్టేజి పుడుతుంది. దాన్ని పికప్ అంటారు. ఇటువంటి గిటారులో ఒక్కో పికప్‌కు సుమారు 8000 చుట్లు, తలవెంట్రుక మందం రాగి తీగతో. నైలాన్ తీగలు వేస్తే ఈ గిటారు మూగ. ఉద్యోగంలో నేను చూసే వైండింగ్‌ను క్రేన్‌తో ఎత్తుతాం. ఇది అగ్గిపెట్టెలో పడుతుంది. సూత్రం ఒక్కటే.

ఈ పికప్‌కు ఒక జబ్బుంది. తీగ కదలికనే కాదు, చుట్టూ ఉన్న కరెంటు తాలూకు అయస్కాంత క్షేత్రాన్నీ పట్టేస్తుంది. మన దేశంలో అది 50 హెర్ట్జ్. అందుకే గుయ్యిమంటుంది. తిరగబడి చుట్టిన రెండో చుట్టను పక్కన పెట్టి గుయ్ గుయ్‌తో కొట్టేసుకునేలా చేసే ఉపాయాన్ని గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ అనే ఇంజినీరు 1955లో చేశారు. నా గిటారులో అది లేదు. ఒంటి చుట్టలు. గుయ్ అంటుంది. నాకు బాధ లేదు. ట్రాన్స్‌ఫార్మరు గుయ్ 100 హెర్ట్జ్ ఉంటుంది. గిటారు ఆరో తీగ మూడో ఫ్రెట్ దగ్గర నొక్కితే 98 వస్తుంది. ఇరవై ఏళ్లు నేను పనిచేసిన చోట రోజంతా ఒకే స్వరం మోగుతోందని ఆ రాత్రి తెలిసింది.

అసలు సంతోషం పై ప్లాస్టిక్ పలక విప్పాక కలిగింది. లోపలి గోడల మీద, పలక వెనక, సిగరెట్ పెట్టెల్లోని వెండి రేకు కాగితం అతికించి ఉంది. ముక్కకు ముక్క తగిలేలా అంచులు మడిచి, ఒక చోట స్క్రూ కింద పెట్టి ఎర్త్‌కు కలిపారు. బయటి విద్యుత్ క్షేత్రం లోపలి తీగలకు చేరకుండా కట్టిన తడిక అది. పుస్తకాల్లో ఫారడే పంజరం అంటారు. గుయ్ పూర్తిగా పోదు, బరబర మాత్రం బాగా తగ్గుతుంది. టోన్ దగ్గర రేడియోల్లో వాడే పచ్చ కెపాసిటరు ఉంది, అసలుది ఎప్పుడో పోయి ఉంటుంది. టంకం ముత్యంలా గుండ్రంగా, మెరుస్తూ ఉంది. వర్క్‌షాపు ఫిట్టరు చేయి. తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకంలో ఎర్ర పెన్సిల్ గీత చూసినప్పుడు ఎలా ఉండేదో అలాగే అనిపించింది. ఇందులో ఒక్క ముక్క మార్చకుండా మూసేశాను. కొత్త రాగి రేకు కొనుక్కొచ్చి అతికించవచ్చు. ఎందుకు?

ఈ మధ్య ఒక చోద్యం మొదలైంది. కొత్త గిటారును ఫ్యాక్టరీలోనే గీకి, రంగు లేపి, స్క్రూలకు తుప్పు పట్టించి ఎక్కువ ధరకు అమ్ముతారు. 1990ల నుంచి ఉంది ఈ వ్యాపారం. చిరిగిన జీన్సు కొనేవాళ్లున్న లోకంలో తప్పనను గానీ, నాకు మాత్రం ఎవరో గీతలు గీసిన కొత్త పుస్తకంలా అనిపిస్తుంది. నిజంగా అరిగిన గిటారు కావాలంటే ఐర్లండ్ కళాకారుడు రోరీ గాలఘర్‌ది చూడాలి. 1961లో తయారైన స్ట్రాటోకాస్టర్‌ను 1963లో కార్క్ పట్టణంలో పాతదే కొన్నాడు, సుమారు వంద పౌన్లకు, వాయిదాల మీద. అప్పుడతనికి పదిహేనేళ్లు. ఒకసారి దొంగలెత్తుకుపోతే కొన్ని రోజులకు దొరికింది. 1995లో పోయేవరకు దాన్ని వదల్లేదు. చెమటకు రంగు దాదాపు మొత్తం ఊడిపోయింది. ఎరిక్ క్లాప్టన్ 1970లో నాష్‌విల్‌లో ఒక షాపులో ఆరు పాత స్ట్రాటోకాస్టర్లు కొని, మూడు స్నేహితులకిచ్చి, మిగిలిన మూడింట్లోని మంచి భాగాలతో ఒకటి చేయించుకున్నాడు. 2004లో అది వేలంలో 9,59,500 డాలర్లు పలికింది. నాలుగు స్క్రూల మెడ లేకపోతే ఆ ముచ్చట సాధ్యమయ్యేది కాదు.

కరెంటు వాయిద్యం మనది కాదని ఎవరైనా అంటే, మన పాలకొల్లు గుర్తుచేస్తాను. 1969లో అక్కడ పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు వాయించింది ఎలక్ట్రిక్ మాండొలినే. మామూలు మాండొలిన్‌కు జతలు జతలుగా ఎనిమిది తీగలుంటాయి. ఆయన ఒంటి తీగలు ఐదు పెట్టించుకుని, పికప్ ఉంది కాబట్టి చిన్న మీటుకు కూడా గమకం చివరిదాకా వినిపించేలా వాయించారు. తొమ్మిదేళ్ల వయసులో, 1978లో, గుడివాడలో త్యాగరాజ ఉత్సవాల్లో ఆయన మొదటి కచేరీ. అదే తీగచుట్ట, అదే అయస్కాంతం. నా చేతిలో అదేం పలుకుతుందో మరో పది నిమిషాల్లో మీరే వింటారు.

కొన్న ఏడాదికి ఒక చిక్కు వచ్చింది. మొదటి మూడు ఫ్రెట్ల దగ్గర తీగ జిరజిరమంటోంది. తీగ తగిలే చోట లోహంలో గుంటలు పడ్డాయి. గిటారు బాగుచేసే కుర్రాడు చూసి, ఫ్రెట్లన్నీ మార్చాలన్నాడు. నాకు చేతులు రాలేదు. ఆ గుంటలు పెద్దాయన వేళ్లవి. ముప్పై అయిదేళ్లు ఆయన ఏ కార్డ్‌లు ఎక్కువ వాయించారో వాటిని చూసి చెప్పవచ్చు. అవి తీసేస్తే ఇందులో ఆయనదేం మిగులుతుంది? మూడు నెలలు అలాగే వాయించాను. జిరజిర ఎక్కువైంది.

నెలసరి ఆదివారం ఆయన దగ్గరికి వెళ్లినప్పుడు అడిగాను. ఆయన నవ్వి, "అవి నేను తొంభై ఆరుల మార్పిచ్చినవి. మొదటివి ఎన్నడో పొయ్యినయి. చెప్పు అరిగితే మడమ కొట్టియ్యమా?" అన్నారు. వీణకు మైనం ముదిరితే మేళం కట్టిస్తాం, మెట్లు సరిచేస్తాం, అది కొత్త వీణ అయిపోదు కదా. మార్పించాను. పాత ఫ్రెట్లను ఆ కుర్రాడు ఒక కవర్లో వేసి ఇచ్చాడు. తర్వాతి నెల ఆ కవరు తీసుకెళ్లి భద్రంగా పెద్దాయన చేతిలో పెట్టాను. విప్పి చూసి, లేచి వెళ్లి చెత్తబుట్టలో వేసి వచ్చి, "వాయించు" అన్నారు.

ఐదేళ్లుగా వెళుతున్నాను. ఒకప్పుడు తాను వాయించిన పాటలు ఒక్కొక్కటే నాకు చెబుతున్నారు. బిగుసుకున్న వేళ్లతో చూపించలేరు కాబట్టి నోటితో పాడి, తొడ మీద తాళం వేసి చెబుతారు. తప్పు వాయిస్తే కళ్లు మూసుకుంటారు. సరిగ్గా వాయిస్తే కూడా కళ్లు మూసుకుంటారు. రెండింటికీ తేడా పట్టడానికి నాకు రెండేళ్లు పట్టింది. పోయిన క్రిస్మస్‌కు వాళ్ల చర్చిలో ఆ గిటారు మళ్లీ వాయించారు. వాయించింది నేనే, ఆయన మొదటి బెంచీలో కూర్చున్నారు. వాళ్లలో ముసలివాళ్లు నలుగురైదుగురు నా దగ్గరికి రాకుండా గిటారు దగ్గరికి వచ్చి చూసి వెళ్లారు. ఒకావిడ దాని మీద చేయి వేసి, తన పెళ్లికి వాయించింది ఇదేనంది.

ఈ రోజు వస్తున్నానని ఆయనకు చెప్పాను. పెద్ద హాలా అని అడిగారు. అవునన్నాను. కుడి చేయి జాగ్రత్త అన్నారు.

కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. గిటారు ఆ పక్కన పెట్టెలో ఉంది. ఉదయమే వచ్చి స్టేజీ ప్లగ్గులో ఎర్తింగ్ మీటరు పెట్టి చూసుకున్నాను, బాగుంది. సభానంతరం చూడాలనుకున్న పిల్లలు వచ్చి పట్టుకుని చూడవచ్చు, గీతలు పడతాయని భయం అక్కర్లేదు. ఇప్పుడు మూడు పాటలు వాయిస్తాను. మొదలుపెట్టే ముందు గుయ్యిమని వినిపిస్తుంది. మైకు అబ్బాయిని ఎవరూ కేకలేయకండి. అది గిటారుది. నేను తీగల మీద చేయి వేయగానే తగ్గుతుంది.